తడోబా అడవికి వెళ్లాలనుకుంటే: ముందు కాలం, తర్వాత గేటు, చివరికి బస

నల్లమలలోనూ కవ్వాల్‌లోనూ పులులు ఉన్నప్పటికీ సఫారీకి వెళ్లినవారికి అక్కడ పులి ఎదురుపడటం అరుదు కాబట్టి, అడవిలో స్వేచ్ఛగా తిరిగే పులిని కళ్లారా చూడాలన్న కోరికతో చంద్రపూర్ రైలెక్కే తెలుగువారు చాలామందే ఉన్నారు. తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాను ఆనుకొని ఉన్న మహారాష్ట్ర జిల్లా చంద్రపూర్. తడోబా–అంధారీ పులుల అభయారణ్యం ఆ జిల్లాలోనే ఉంది. దూరం తక్కువే అయినా నిరాశతో తిరిగివచ్చేవారు తక్కువేమీ కాదు. అందుకు కారణం చాలాసార్లు పులి కాదు, ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకున్న వరుస. ముందు సెలవులు చూసుకొని, తర్వాత ఫొటోలలో బాగున్న రిసార్టు ఖాయం చేసుకొని, ఆఖరికి సఫారీ టికెట్ల కోసం వెతికేసరికి, దొరికిన గేటు బసకు రెండు గంటల దూరంలో ఉంటుంది, దొరికిన పూట ఒక్కటే అవుతుంది. ఈ వరుసను తిరగవేయాలి. ఏ కాలంలో వెళ్లాలో ముందు తేల్చుకొని, ఏ గేటు గుండా లోపలికి వెళ్లాలో నిర్ణయించుకొని, సఫారీ టికెట్లు చేతికి వచ్చాకే గదిని, రైలును బుక్ చేసుకోవాలి.

అడవి ఎలాంటిదో తెలిస్తే ఈ వరుస ఎందుకో అర్థమవుతుంది. తడోబా మహారాష్ట్రలోని జాతీయ ఉద్యానాలన్నిటిలో పాతది, 1955లో 116.55 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఏర్పడింది. దానిని ఆనుకొని 1986లో అంధారీ వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించారు, 1990ల మధ్యలో రెండింటినీ కలిపి పులుల అభయారణ్యంగా మార్చారు. ఈ రెండూ కలిసిన సుమారు 625 చదరపు కిలోమీటర్ల భాగాన్ని కోర్ అంటారు. దాని చుట్టూ సుమారు 1,100 చదరపు కిలోమీటర్లకు విస్తరించిన, ఊళ్లూ పొలాలూ అడవీ కలగలిసిన భాగం బఫర్. ఉష్ణమండలంలో ఆకులు రాల్చే పొడి అడవి ఇది. టేకు, వెదురు ఎక్కువగా ఉంటాయి. వాటి మధ్య నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వాగుల ఒడ్డున ఏరుమద్ది, రాళ్లున్న చోట తెల్లటి మానుతో తపసి చెట్టు కనబడతాయి. ఆదిలాబాద్ అడవులను చూసినవారికి ఈ చెట్లలో కొత్తవి పెద్దగా ఉండవు. ఆకు రాలడం, నీరు ఇంకిపోవడం అనే రెండు విషయాలే ఇక్కడ ఏ జంతువు ఎప్పుడు ఎక్కడ కనబడుతుందో నిర్ణయిస్తాయి.

కాలాన్ని ఎంచుకోవడం

కోర్ ప్రాంతం వర్షాకాలంలో, అంటే జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా, సందర్శకులకు మూసి ఉండి అక్టోబరు ఆరంభంలో తెరుచుకుంటుంది. బఫర్‌లోని కొన్ని గేట్లు వానాకాలంలో కూడా రోడ్లు అనుకూలిస్తే నడుస్తాయి. వారంలో మంగళవారం సఫారీలు ఉండవు. ఇది చిన్న విషయంలా కనబడినా, సోమవారం సాయంత్రం చేరి బుధవారం మధ్యాహ్నం బయలుదేరేలా టికెట్లు కొనుక్కున్నవారికి చేతిలో మిగిలేది ఒక్క ఉదయమే.

అక్టోబరు, నవంబరు నెలల్లో అడవి పచ్చగా, దట్టంగా, చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, కానీ గడ్డి ఏపుగా పెరిగి ఉండటం వల్ల దారికి పది అడుగుల దూరంలో పడుకున్న పులి కూడా కంటపడదు. పైగా ప్రతి గుంటలోనూ నీళ్లుంటాయి గనుక జంతువులు ఫలానా చోటికే రావాలన్న అవసరం వాటికి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో చలి గట్టిగా ఉంటుంది. పైకప్పు లేని జిప్సీలో, అంటే సఫారీ జీపులో, తెల్లవారుజామున వెళ్తుంటే ఆ చలి ఇంకా ఎక్కువగా కొరుకుతుంది. అయితే పక్షులను చూసేవారికీ, ఎండకు తట్టుకోలేని పెద్దవారికీ, చిన్నపిల్లలతో వెళ్లేవారికీ ఇదే సరైన కాలం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుతుంది, మోదుగ పూస్తుంది, ఎండ ఇంకా ముదరదు, లోపలి చిన్న కుంటలు మాత్రం ఎండిపోవడం మొదలవుతుంది. కుటుంబంతో వెళ్లేవారు ఏదో ఒక్క నెల చెప్పమంటే నేను మార్చి నెలనే చెబుతాను.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు పులి కనబడే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. దేశంలో ఎండలు బాగా మండే పట్టణాలలో చంద్రపూర్ ఒకటి. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. పిల్లి జాతిలోని చాలా జంతువులకు భిన్నంగా పులికి నీళ్లంటే ఇష్టం, వేడికి తట్టుకోలేక వెనుకకాళ్లు ముందుగా నీటిలోకి దించి మెడ వరకు మునిగి గంటల తరబడి కూర్చుంటుంది. చుట్టుపక్కల నీరంతా ఇంకిపోయాక మిగిలిన కొద్ది చెరువులు, కుంటల దగ్గరకే దుప్పులూ, దున్నలూ, ఎలుగులూ, వాటి వెనుకే పులీ రాక తప్పదు. తెలుగు రాష్ట్రాల వేసవి సెలవులు కూడా అప్పుడే కాబట్టి పోటీ కూడా అప్పుడే ఎక్కువ. ఎండను భరించగలవారు మాత్రమే, అదీ మధ్యాహ్నమంతా గదిలో విశ్రాంతి తీసుకునేలా ఏర్పాటు చేసుకొని, ఈ నెలల్లో వెళ్లడం మంచిది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దవారిని మే నెల మధ్యాహ్నపు సఫారీకి తీసుకువెళ్లకూడదు. ఆ సఫారీ మూడు గంటల ప్రాంతంలో, ఎండ ఇంకా తగ్గకముందే మొదలవుతుంది.

గేటును ఎంచుకోవడం

తడోబాకు ఒకే ద్వారం ఉండదు. కోర్‌లోకి మొహర్లీ, కోలారా, నవేగావ్, ఖుట్వండా, ఝరీ, పాంగ్డీ అనే ఆరు ప్రధాన గేట్లు ఉన్నాయి. ఏ గేటుకు టికెట్ తీసుకుంటే ఆ గేటు నుంచే లోపలికి వెళ్లి, అదే గేటు నుంచి బయటికి రావాలి. మొహర్లీ దక్షిణాన, చంద్రపూర్ నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. తెలుగువారికి దగ్గరగా ఉండేది, బసలు విరివిగా దొరికేది, అందువల్లే రద్దీ ఎక్కువగా ఉండేది కూడా ఇదే. ఇక్కడి నుంచి తేలియా చెరువు, జామున్‌బోడీ ప్రాంతాలు అందుతాయి, నేరుగా ఉత్తరానికి వెళ్లే రోడ్డు మీదుగా తడోబా చెరువు దాకా వెళ్లవచ్చు. కోలారా, నవేగావ్ ఉత్తరపు వైపు గేట్లు. నాగ్‌పూర్ నుంచి చిమూర్ మీదుగా వచ్చేవారికి అనుకూలం. తడోబా చెరువు, పాండర్‌పౌనీ నీటిగుంటలు, జామ్ని పచ్చిక మైదానం ఈ వైపు నుంచి త్వరగా చేరుకోవచ్చు. ఝరీ, పాంగ్డీ గేట్లు కోర్‌లోనే కోల్సా అనే భాగంలోకి తీసుకువెళ్తాయి. అక్కడ వాహనాలు తక్కువ, అడవి ప్రశాంతం, పులి ఎదురైతే దానిచుట్టూ ఇరవై జిప్సీలు మూగవు; అయితే ఎదురుపడే అవకాశం కొంత తగ్గుతుందన్న మాట గైడ్లే చెబుతారు. ఫొటోల కంటే అడవి ముఖ్యమనుకునేవారికి నా ఓటు కోల్సాకే.

మ్యాపులో మొహర్లీ, కోలారా పక్కపక్కనే ఉన్నట్లు కనబడతాయి. కానీ కోర్ అడవి మధ్యలో నుంచి ప్రయాణికులు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లే వీలు లేదు. బయటి రోడ్డు మీద చుట్టూ తిరిగి రావడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. తెల్లవారుజామున గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలి కాబట్టి, మొహర్లీలో బస, కోలారాలో సఫారీ అనే ఏర్పాటు పనికిరాదు. బసను చివరికి వాయిదా వేయమనడానికి ఇదే అసలు కారణం.

బఫర్ గేట్లను చిన్నచూపు చూడకూడదు. మొహర్లీకి దగ్గరలో అగర్‌జరీ, దేవాడా, జునోనా, ఉత్తరాన మద్నాపూర్, అలీజంజా, బేలారా వంటి బఫర్ గేట్లు ఉన్నాయి. పులికి కోర్ సరిహద్దు ఎక్కడుందో తెలియదు. పెరిగిన పిల్లలు తల్లి దగ్గరి నుంచి విడిపోయాక సొంత ప్రదేశం వెతుక్కుంటూ బఫర్‌లోకే వస్తాయి. కోర్ టికెట్లు దొరకని వారాంతంలో బఫర్‌లో పులిని చూసి వచ్చినవారు ఉన్నారు, ఖర్చు కూడా కొంత తక్కువే అవుతుంది. రెండు కోర్, ఒకటి లేదా రెండు బఫర్ అనే లెక్క చాలామందికి సరిపోతుంది.

ఎన్ని సఫారీలు, టికెట్లు ఎలా

రోజుకు రెండు పూటల సఫారీ ఉంటుంది: తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం తర్వాత మరొకటి, ఒక్కొక్కటి ఇంచుమించు నాలుగు గంటలు. సూర్యోదయ, సూర్యాస్తమయాలను బట్టి వేళలు నెల నెలకూ కొద్దిగా మారుతుంటాయి. ఒక్క సఫారీతో పులిని చూసి రావాలనుకోవడం జూదం. నాలుగు పూటలు తిరిగితే అవకాశం ఎంతో మెరుగుపడుతుంది. అంతకంటే ముఖ్యంగా, మొదటి పూట కళ్లకు అడవి అలవాటు కావడానికే సరిపోతుంది, నీడలో నిలబడిన అడవిదున్నను రాయి కాదని గుర్తుపట్టడం రెండో పూట నుంచే మొదలవుతుంది. రెండు రాత్రుల బస, నాలుగు సఫారీలు అనేది సామాన్య కుటుంబానికి అందే మేలైన లెక్క. ఆరు పూటలకు మించితే, కెమెరా పిచ్చి ఉన్నవారు తప్ప మిగిలినవారు దుమ్ముకూ కుదుపుకూ అలసిపోతారు.

టికెట్లను తడోబా యాజమాన్యం నడిపే అధికారిక వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో కొనాలి. వారాంతాలకూ పండుగ సెలవులకూ ధర ఎక్కువ. దసరా, దీపావళి, సంక్రాంతి, వేసవి సెలవుల టికెట్లు బుకింగ్ తెరుచుకోగానే అయిపోతాయి. అందుచేత సెలవు రోజుల్లో వెళ్లక తప్పనివారు నెలల ముందే తేదీలు నిర్ణయించుకోవాలి. వారం మధ్యలో వెళ్లగలిగినవారికి టికెట్టూ సులువు, ధరా తక్కువ, అడవిలో జనమూ తక్కువ. ఒక జిప్సీలో ఆరుగురు సందర్శకులు కూర్చోవచ్చు. డ్రైవరు, అటవీ శాఖ గుర్తింపు ఉన్న గైడు వీరికి అదనం. జిప్సీ మొత్తానికి ఒకే ధర కాబట్టి ఇద్దరు వెళ్లినా ఆరుగురు వెళ్లినా ఖర్చు దాదాపు అంతే; అందుకని నలుగురు స్నేహితులు గానీ రెండు కుటుంబాలు గానీ కలిసి వెళ్లడం మేలు. సొంత కారుకు కోర్‌లోకి ప్రవేశం లేదు.

టికెట్ తీసుకునేటప్పుడు ప్రతి ఒక్కరి పేరు, వయసు, గుర్తింపు కార్డు సంఖ్య ఇవ్వాలి. ఏ కార్డు ఇచ్చారో గేటు దగ్గర దాని అసలునే చూపాలి. ఆధార్ ఇచ్చి ఓటరు కార్డు తీసుకువెళ్తే ఇబ్బంది తప్పదు. ఒకరి టికెట్టు మీద మరొకరు వెళ్లే పద్ధతి లేదు కాబట్టి, ప్రయాణం ఖాయమైనవారి పేర్లే ఇవ్వడం మంచిది. అధికారిక సైటును పోలిన పేర్లతో ఏజెంట్లు నడిపే సైట్లు ఇంటర్నెట్‌లో ముందుగా కనబడతాయి. అవన్నీ మోసమని కాదు గానీ, డబ్బు కట్టే ముందు వెబ్‌సైటు చిరునామా చివర ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ సొంతంగా టికెట్టు కొనుక్కోవడం రైలు టికెట్టు కొనుక్కోవడం కంటే కష్టమేమీ కాదు.

చేరుకోవడం, బస

సికింద్రాబాద్, కాజీపేట వైపు నుంచి గానీ, విజయవాడ, ఖమ్మం, వరంగల్ వైపు నుంచి గానీ ఢిల్లీ, నాగ్‌పూర్ మార్గంలో వెళ్లే రైళ్లు బల్లార్షా మీదుగా వెళ్తాయి; వాటిలో చాలావరకు దాని తర్వాత చంద్రపూర్‌లో కూడా ఆగుతాయి. 2024 సెప్టెంబరులో మొదలైన నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందేభారత్‌కు కూడా ఈ రెండు చోట్లా ఆగుదల ఉంది. మీ రైలు చంద్రపూర్‌లో ఆగకపోతే బల్లార్షాలో దిగి రోడ్డు మీద వెళ్లడం పెద్ద పని కాదు. బల్లార్షా, చంద్రపూర్‌లలో బొగ్గు గనుల వల్లా రైల్వే వల్లా స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు కాబట్టి ఆటో స్టాండులో తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. కారులో వెళ్లేవారికి హైదరాబాద్ నుంచి మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజురా మీదుగా చంద్రపూర్‌కు దారి. భోజన విరామంతో ఏడెనిమిది గంటలు వేసుకోవాలి. విదేశాల నుంచి వచ్చే బంధువులను తీసుకువెళ్లేవారికి దగ్గరి విమానాశ్రయం నాగ్‌పూర్.

చంద్రపూర్ నుంచి పద్మాపూర్ మీదుగా మొహర్లీ వెళ్లే రోడ్డు బొగ్గు గనుల పక్క నుంచి మొదలై అడవిలోకి ప్రవేశిస్తుంది. దారిలో ఇరాయి జలాశయం ఉంది. చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లు దాని నుంచే వెళ్తాయి. ఈ దారిలో చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. తప్పనిసరైతే నెమ్మదిగా, హారన్ మోగించకుండా వెళ్లాలి, ఏ కారణం చేతనూ దిగకూడదు.

బస గురించి చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. మొహర్లీలో మహారాష్ట్ర పర్యాటక సంస్థ విడిది మొదలుకొని ఊళ్లోని హోమ్‌స్టేల దాకా, ఖరీదైన రిసార్టుల దాకా అన్నీ ఉన్నాయి. ఉదయం చీకటితో వెళ్లి పది గంటలకు వచ్చి, తిని, పడుకొని, మళ్లీ రెండున్నరకు బయలుదేరే దినచర్యలో ఈతకొలను వాడుకునే తీరిక ఎవరికీ ఉండదు. గేటుకు దూరమెంత, తెల్లవారుజామున టీ ఇస్తారా, ఉదయం ఫలహారం పొట్లం కట్టి ఇస్తారా, వేసవిలో కరెంటు పోతే జనరేటరు ఉందా అని అడిగితే చాలు.

వెంట తీసుకువెళ్లవలసినవి

తడోబా కోర్‌లోకి మొబైల్ ఫోను తీసుకువెళ్లడం నిషిద్ధం. గైడ్లూ డ్రైవర్లూ పులి ఉన్న చోటును ఒకరికొకరు ఫోనులో చెప్పుకొని వాహనాలన్నీ ఒకే చోటికి పరుగెత్తే పరిస్థితిని ఆపడానికీ, సెల్ఫీల కోసం వాహనంలో లేచి నిలబడేవారిని అదుపు చేయడానికీ ఈ నియమం ఎంతో పనికొచ్చింది. కాబట్టి ఫొటోలు కావాలనుకునేవారు కెమెరా తీసుకువెళ్లాలి. పెద్ద లెన్సులకు విడిగా రుసుము ఉండవచ్చు. కెమెరా లేనివారు బాధపడనక్కర్లేదు, మంచి బైనాక్యులర్ ఒకటి ఉంటే అడవి ఇంకా బాగా కనబడుతుంది. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్ కుదుపులో కూడా నిలకడగా ఉంటుంది. అంతకంటే శక్తి ఎక్కువైతే చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. డ్రోన్లకు అనుమతి లేదు.

బట్టలు మట్టిరంగులో గానీ ముదురు ఆకుపచ్చలో గానీ ఉండాలి. మెరిసే ఎరుపు, తెలుపు, పసుపు వద్దు. ఘాటైన అత్తరు కూడా వద్దు. దుమ్ము విపరీతంగా లేస్తుంది కాబట్టి ముక్కుకూ నోటికీ కట్టుకోవడానికి తువ్వాలో గుడ్డో, కెమెరాకు కప్పడానికి మరొకటీ ఉండాలి. శీతాకాలంలో స్వెటరు ఒక్కటి సరిపోదు. చెవులకు టోపీ, చేతులకు గ్లవ్స్, కాళ్ల మీద కప్పుకోవడానికి దుప్పటి కావాలి. తొమ్మిది గంటలకల్లా అవన్నీ విప్పేయాల్సివస్తుంది కాబట్టి ఒకదానిమీద ఒకటిగా వేసుకోవాలి. వేసవిలో నూలు బట్టలు, అంచున్న టోపీ, ఉప్పు–చక్కెర కలిపిన నీళ్లు లేదా మజ్జిగ, తిరిగి వాడుకునే సీసాలో నీళ్లు వెంట ఉంచుకోవాలి. ప్లాస్టిక్ సంచులు, చిప్స్ పొట్లాలు గేటు దగ్గరే ఆపుతారు, ఆపకపోయినా తీసుకువెళ్లకూడదు. సఫారీకి ముందు బాత్‌రూముకు వెళ్లి రావడం పెద్దలకూ పిల్లలకూ తప్పనిసరి, ఎందుకంటే లోపల అధికారులు నిర్ణయించిన చోట తప్ప దిగడానికి వీల్లేదు.

జిప్సీలో డ్రైవరు వెనుక రెండు వరుసలలో ఆరు సీట్లు ఉంటాయి. ఆఖరి వరుస చక్రాల మీద ఉంటుంది గనుక కుదుపు ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవారిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి. గర్భిణులకు ఈ ప్రయాణం తగదు.

లోపలికి వెళ్లాక

అడవిలో పులిని కళ్ల కంటే ముందు చెవులతో వెతకాలి. పులి కదులుతుంటే చెట్టుకొమ్మన కూర్చున్న కొండముచ్చు దాన్ని పైనుంచి చూసి బొంగురుగా దగ్గినట్టు కూస్తుంది; చుక్కల దుప్పి చెవులు నిక్కించి సన్నగా, పదునుగా అరుస్తుంది; కణుజు, అంటే సాంబర్, తోక లేపి కాలు నేలకేసి కొడుతూ గట్టిగా ఒక్కో కూత విడిచి ఇంకో కూత పెడుతుంది. వీటిలో గైడ్లు అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది కణుజు కూతనే. దుప్పి చిన్న అనుమానానికీ అరుస్తుంది, కొండముచ్చు చిరుతకూ కూస్తుంది. కణుజు మాత్రం సాధారణంగా పులిని చూస్తూనో వాసన పట్టో తప్ప పదే పదే కూయదు. గైడ్లు దీన్ని ‘కాల్’ అంటారు. కాల్ వినబడగానే డ్రైవరు ఇంజిను ఆపేస్తాడు. ఆ పది పదిహేను నిమిషాలు మాటలు పూర్తిగా మానేసి వినడమే సందర్శకుడు చేయగలిగిన సాయం. ‘ఇక్కడ ఏమీ లేదు, ముందుకు పోనివ్వండి’ అని తొందరపెట్టే బృందం పులిని పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

దుమ్ము రోడ్డు మీద పాదముద్రలు చూపమని గైడును అడగాలి. పులి రాళ్లూ ముళ్లూ ఉన్న పొదల కంటే మెత్తటి మట్టిరోడ్డు మీద నడవడానికి ఇష్టపడుతుంది, తన హద్దులు చూసుకోవడానికి కూడా రోడ్డు దానికి అనుకూలం. మగపులి అడుగు చతురస్రాకారానికి దగ్గరగా, ఆడపులి అడుగు కొంచెం పొడవుగా ఉంటుంది. ముద్ర మీద జిప్సీ చక్రం జాడ పడిందా, లేక చక్రం జాడ మీద ముద్ర పడిందా అన్నదాన్ని బట్టి అది రాత్రిదో ఇప్పటిదో గైడు చెప్పేస్తాడు.

పులి కనబడితే లేచి నిలబడటం, కేకలు వేయడం, డ్రైవరును ఇంకా దగ్గరకు పోనిమ్మనడం కూడదు. పులి రోడ్డు దాటాలనుకుంటున్న వైపు వాహనం అడ్డంగా ఉంటే వెనక్కి తీయమని సందర్శకులే చెప్పాలి. డ్రైవర్లు సహజంగా బహుమానం కోసం దగ్గరకు తీసుకువెళ్లడానికి ఆశపడతారు. ఆ ఆశను పెంచేదీ తగ్గించేదీ మనమే. పేరుపొందిన పులులను వెతికిపెట్టమని అడగడం కూడా నాకు నచ్చని అలవాటు. పాండర్‌పౌనీ పరిసరాలలో ఏళ్ల తరబడి తిరిగి, 2023లో కనుమరుగైన మాయ అనే ఆడపులి బతికున్నంత కాలం దాని వెనుక వాహనాల బారులు ఉండేవి. పేరు లేని పులి కూడా పులే.

పులి కోసమే చూస్తూ కూర్చుంటే మిగతా అడవి చేజారిపోతుంది. రేచుకుక్కల గుంపు వేటాడే తీరు తడోబాలో చూడగలిగినవారు అదృష్టవంతులు. అడవిదున్నలు, మనుబోతులు, ఇప్పపూల కాలంలో చెట్ల కింద తచ్చాడే ఎలుగుబంట్లు, తడోబా చెరువు ఒడ్డున ఎండ కాచుకునే మొసళ్లు, వాన కాలం దగ్గరపడగానే గూడు కోసం వచ్చే నవరంగ్ పిట్టలు, ఎండిన చెట్టు చివర నిశ్చలంగా కూర్చునే డేగలు ఉన్నాయి. పులులు ఇక్కడ బతుకుతున్నది దుప్పులూ కణుజులూ సమృద్ధిగా ఉండబట్టే కాబట్టి, దుప్పుల మంద దగ్గర ఐదు నిమిషాలు ఆగడం వృథా కాదు.

మనుషులు

ఈ అడవి ఖాళీ భూమి కాదు. తడోబా అన్న పేరే తారు అనే గోండు పెద్ద పేరు నుంచి వచ్చింది. పులితో పోరాడి చనిపోయాడని గోండులు చెప్పుకునే ఆయన గుడి తడోబా చెరువు ఒడ్డున పెద్ద చెట్టు కింద ఉంది, పుష్యమాసంలో ఆయన పేర జాతర చేయడం వారి సంప్రదాయం. కోర్‌లో ఉన్న జామ్ని వంటి ఊళ్లను బయటికి తరలించారు. ఆ ఊరి పొలాలే ఇప్పుడు పచ్చిక మైదానాలై దుప్పులను, వాటి వెంట పులులను చేరదీశాయి. జిప్సీలో మనం మెచ్చుకునే ఆ మైదానంలో ఒకప్పుడు ఇళ్లు ఉండేవని గైడును అడిగితే చెబుతాడు. గైడ్లు, డ్రైవర్లు ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లవారే, వారిలో మహిళలూ ఉన్నారు. హిందీ, మరాఠీ వస్తే సంభాషణ సులువు, రాకపోయినా జంతువుల పేర్లు నాలుగు నేర్చుకుంటే సరిపోతుంది. గైడులు వంతుల వారీగా వస్తారు కాబట్టి ఫలానా గైడే కావాలని అడిగే వీలుండదు. పని నచ్చితే సఫారీ అయ్యాక బహుమానంగా ఇవ్వడానికి కొంత చిల్లర నగదు ఉంచుకోవాలి, లోపలి ఊళ్లలో సిగ్నలు దొరక్క ఫోనుతో డబ్బు పంపడం ప్రతిసారీ కుదరదు.

చంద్రపూర్ జిల్లాలో ఇప్పపూలు ఏరుకోవడానికో, తునికాకు కోయడానికో, పశువుల వెంటో వెళ్లి పులి బారిన పడి చనిపోయినవారు ఉన్నారు. బఫర్ ఊళ్లో ‘మీకు పులి రోజూ కనబడుతుంది కదా, ఎంత అదృష్టం’ అని సందర్శకులు అనే మాట ఆ ఇళ్లలో ఎలా వినబడుతుందో ఆలోచించి మాట్లాడటం మర్యాద. ఊరి హోమ్‌స్టేలో దిగడం, ఊరివారి దగ్గర తేనె గానీ వెదురు వస్తువులు గానీ కొనడం, అడవి వల్ల వచ్చే డబ్బులో కొంత భాగమైనా అడవి వల్ల నష్టపడేవారికి చేరే దారి.

మంగళవారం మధ్యలో వచ్చేలా తప్పనిసరిగా ప్రయాణం కుదిరినవారు ఆ రోజును చంద్రపూర్ పట్టణానికి కేటాయించవచ్చు. గోండు రాజుల కోట గోడలు, ద్వారాలు ఇంకా నిలిచి ఉన్నాయి. చైత్రంలో జరిగే మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి భక్తులు పెద్దసంఖ్యలో వెళ్తుంటారు కాబట్టి ఆ రోజుల్లో వెళ్లేవారు గదులు ముందే చూసుకోవాలి. కారులో వచ్చినవారికి తిరుగు ప్రయాణంలో ఆసిఫాబాద్ దగ్గర పక్కకు తిరిగితే జన్నారం, కవ్వాల్ అడవి ఉంది. తడోబాలో చోటు చాలని పులులు సిర్పూర్, కాగజ్‌నగర్ అడవుల మీదుగా ఈ వైపుకే వస్తుంటాయి. చివరి రోజు ఉదయం సఫారీ ముగించుకొని మధ్యాహ్నం రైలు పట్టుకోవాలనుకునేవారు గేటు నుంచి బయటికి వచ్చేసరికి ఉదయం పది అవుతుందనుకొని, స్నానం, భోజనం, గది ఖాళీ చేయడానికి రెండు గంటలు, స్టేషనుకు మొహర్లీ నుంచి గంట, కోలారా నుంచి దానికి రెట్టింపు వేసుకొని, ఒంటిగంట తర్వాత బయలుదేరే రైలునే ఎంచుకోవాలి. కోలారా నుంచి వచ్చేవారికి మూడు దాటిన రైలైతే నిశ్చింత.